సూరి చెయ్యి కాలదు

అప్పలసూరి బట్టీలోంచి నిప్పులన్నీ బయటకు లాగేసి, పొడుగు కర్రకు చుట్టిన తడి గోనెతో లోపలి ఇటుకల నేలంతా తుడిచాడు. ఆవిరి బుస్సుమంటూ మొహాన కొట్టింది. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, కుడిచేతిని మోచెయ్యి దాకా బట్టీ నోట్లో పెట్టాడు.

"సింహాద్రప్పన్నా ఒకటి... సింహాద్రప్పన్నా రెండు..."

బల్ల దగ్గర పిండి ముద్దలు చుడుతున్న ఇద్దరు ఆడవాళ్ళూ పని ఆపి అటు చూశారు. ఏళ్ళ తరబడి చూస్తున్నదే అయినా ఆ క్షణాన వాళ్ళ చేతులు ఆగిపోతాయి. అల్లిపురంలోని ఆ అచ్యుత బేకరీలో వేడి కొలవడానికి యంత్రం లేదు. అప్పన్న పేరు ఎనిమిదిసార్లు తలిచేదాకా చెయ్యి ఓర్చుకుంటే రొట్టెకు సరిపోయిన వేడి. ఐదుకే వెనక్కి వస్తే ఇంకా ఆగాలి. పన్నెండు దాకా ఓర్చుకుందంటే రొట్టె మాట మరిచిపోయి రస్కులు పెట్టుకోవాలి.

వాళ్ళు చూడనిది అతని ఎడమచెయ్యి. బట్టీ మూతి పక్కన ఇటుకల గూట్లో ఒక సున్నం డబ్బా ఉంటుంది. అందులోంచి చిటికెడు మైదా తీసి, ఎవరి కంటా పడకుండా లోపలి ఇటుకల మీదకు విసిరాడు. పిండి పచ్చబడి, వేగిన సెనగపప్పు రంగుకు తిరిగేదాకా చూశాడు. అది తిరిగే సమయానికి నోటి లెక్క ఎనిమిదికి వచ్చేలా ఒక పేరును సాగదీశాడు, ఇంకో పేరును తొందరపెట్టాడు. రెండేళ్ళుగా లెక్క అప్పన్నది, కొలత మైదాది.

ఎందుకంటే ఆ కుడిచేతికి వేడి తెలియదు. చల్లనీ తెలియదు. వేళ్ళ దగ్గర మొదలైన తిమ్మిరి మెల్లగా పాకి మోచేతి దాకా వచ్చింది. షుగరుకు తోడు ముప్పై ఎనిమిదేళ్ళ బట్టీ సెగ కూడా తగిలిందని, నరాలు చచ్చిపోయాయని, ఇక నిప్పు దగ్గరకు వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట భార్య సీతాలుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. సున్నం డబ్బా చూసి యజమాని శివరామకృష్ణ మాత్రం, "ఈ వయసులో ఖైనీ అలవాటేంటి సూరీ?" అని రెండుసార్లు కోప్పడ్డాడు. సూరి తల వంచుకుని తిట్లు తిన్నాడు. నిజం చెప్పడం కంటే ఖైనీ నింద మొయ్యడమే తేలిక అనిపించింది.

అసలు అతను నిప్పు దగ్గరకు చేరిందే నీళ్ళు పడక. పెదజాలరిపేటలో చేపలవాళ్ళ ఇంట పుట్టి, తెప్ప ఎక్కితే చాలు కడుపులో పేగులతో సహా కక్కేవాడు. "సేపకి పుట్టి నీళ్ళంటే వాంతేట్రా నీకు?" అని తండ్రి ఊరందరి ముందూ ఎగతాళి చేసేవాడు. అప్పట్లో గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన అచ్యుతరామయ్య, ఆ ఉద్యోగం వదిలేసి ఈ బట్టీ కట్టించాడు. పని అడగడానికి వచ్చిన ఇరవై రెండేళ్ళ సూరిని బట్టీ ముందు నిలబెట్టాడు. మొదటి నెలకే చేతి మీద వెంట్రుకలన్నీ కాలిపోయాయి. రెండో నెలకు వేడి పట్టుబడింది. "నీళ్ళకు పనికిరానివాడు నిప్పుకు పనికొచ్చాడే!" అని పెద్దాయన భుజం తట్టాడు. ఆ మాట సూరికి ఇప్పటికీ చెవిలో తీపిగానే ఉంటుంది.

తర్వాత కవర్లలో కోసిన బ్రెడ్డు కొట్టుకొట్టుకూ వచ్చింది. బేకరీ బన్నులకూ రస్కులకూ కుదించుకుపోయింది. పెద్దాయన పోయాక కొడుకు శివరామకృష్ణ మూసేద్దామనే అనుకున్నాడు. అతని కూతురు ఇంద్రజ ఒప్పుకోలేదు. మధురవాడలో కంప్యూటరు ఉద్యోగం మానేసి వచ్చి, ఈ బట్టీలోనే కాల్చిన గట్టి పెంకు రొట్టెలను స్కూటీ మీద పెట్టుకుని, తను పనిచేసిన ఆఫీసుల ముందూ అపార్టుమెంట్ల గేట్ల దగ్గరా అమ్మింది. మొదట నవ్వినవాళ్ళే తర్వాత ముందురోజే చెప్పి ఉంచుకోవడం మొదలెట్టారు. స్కూటీ పోయి వ్యాను వచ్చింది. రేపు పొద్దున్న మధురవాడలో కొత్త దుకాణం తెరుస్తున్నారు. అక్కడా ఇలాంటి బట్టీయే కట్టించారు, దాని ముందు నిలువెత్తు అద్దం పెట్టారు. కొనడానికి వచ్చినవాళ్ళు అద్దంలోంచి సూరి బట్టీలో చెయ్యి పెట్టడం చూడొచ్చు. దుకాణం బోర్డు మీద రొట్టె బొమ్మ లేదు. ఐదు వేళ్ళూ చాపిన పెద్ద అరచెయ్యి ఉంది, దాని కింద "చేతిని నమ్మిన రొట్టె" అని రాసి ఉంది.

ఆ చెయ్యి సూరిదే. కాగితం మీద రంగు పూసిన అరచేతిని అద్దించి, దాన్నే పెద్దది చేయించింది ఇంద్రజ.

దీనికంతటికీ మొదలు కిందటేటి ముందటి దసరా. ఆయుధపూజనాడు బట్టీకి పసుపు పూసి, బొట్లు పెట్టి, ఇంద్రజ నాయనమ్మ వరహాలమ్మ హారతి తెచ్చింది. అందరూ చటుక్కున మంట మీద చెయ్యి తిప్పి కళ్ళకద్దుకున్నారు. సూరి మంట మీద చెయ్యి పెట్టి, లోపల రొట్టెలు ఏమవుతున్నాయోనని బట్టీ వైపు చూస్తూ ఉండిపోయాడు. కర్పూరం మంట అరచేతిని నాకుతూనే ఉంది. అతనికి తెలియలేదు. సింహాచలం కొండ కింద పుట్టి పెరిగిన వరహాలమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "చూశారా? సాక్షాత్తూ అప్పన్న కటాక్షం. మన సూరి చెయ్యి కాలదు," అంది. అందరూ దణ్ణం పెట్టారు. ఇంటికి పోయాక అరచేతిలో నిమ్మకాయంత బొబ్బ చూసి సీతాలు లబోదిబోమంది.

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ వారం తిరక్కుండానే ఇంద్రజ అతను బట్టీలో చెయ్యి పెట్టడం ఫోన్లో తీసి, ఆ మాటే కింద రాసి లోకానికి పంపింది. లక్షమంది చూశారు. దూరాల నుంచి మనుషులు వచ్చి అతని చేతిని పట్టుకుని చూసి వెళ్ళారు. మొదటి అబద్ధం సూరి ఆడలేదు. వాళ్ళే ఆడి అతని చేతిలో పెట్టారు, అతను గుప్పిట మూశాడు. బట్టీవాడికి చెయ్యి పోయిందంటే ఇంకేం మిగిలిందని అతని భయం. ఆ భయానికి ఇప్పుడు ఇంకోటి తోడైంది. ఆ పిల్ల కొత్త దుకాణం మొత్తాన్నీ ఈ చెయ్యి మీదే కట్టుకుంది.

పదకొండింటికి సీతాలు వచ్చింది. హార్బరులో చేపలు కొని, వీధుల్లో అమ్ముకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని, రెండో చేత్తో అన్నం క్యారేజీ పట్టుకుని వెనక గుమ్మంలో కూర్చుంది. సూరి ఎడమచేత్తో తింటుంటే చూసి చూసి అంది.

"ఏటయ్యా, సెప్పినావా?"

"నేదు."

"ఎప్పుడు సెప్తావు? రేపు ఆ అద్దాల కొట్టుకాడ జనాల ముందర కాల్సుకున్నాకా?"

"మెల్లగా అనీ. ఇంటారు."

"ఇననీ. నాను సెప్పీనా?" ఆమె గొంతు తగ్గించలేదు. "నిన్న వేడి గంజిలో సెయ్యెట్టి ఊరకే కూకున్నావు. నాను సూడకపోతే ఉడికిపోయీది. నాకు నిద్ర పడతన్నాదనుకున్నావేటి?"

సూరి పులుసులో మెతుకులు కలిపాడు. "రేపొక్కరోజు గడవనీ సీతాలూ. కొట్టు తెరిసీనాక సెప్పీస్తాను. అప్పన్న మీద ఒట్టు."

"ఆ దేవుడి పేరు సెప్పుకునే కదా ఇంత కాడికి తెచ్చుకున్నావు," అని సీతాలు క్యారేజీ గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. "సాయంత్రం వత్తాను. ఈలోగా సెప్పకపోతే నాను సెప్తాను. ఆపలేవు."

ఆమె వెళ్ళిపోయాక సూరి బల్లల దగ్గరకు వచ్చాడు. రేపటి దుకాణానికి రెండొందల రొట్టెలు. చుట్టిన ముద్దలు తడిబట్టల కింద మెల్లగా పొంగుతున్నాయి. మూడు మూడున్నరకల్లా బట్టీలో పడాలి. ఆలస్యమైతే పొంగు దాటి చప్పబడి కూలబడతాయి. ఎడమచేతి వేలితో ఒక ముద్దను నొక్కి, గుంట పైకి తేలే తీరు చూసుకున్నాడు. మెత్తదనం ఆ వేలికి ఇంకా తెలుస్తుంది.

రెండింటికి వీడియో తీసే బాబీని వెంటబెట్టుకుని ఇంద్రజ వచ్చింది. దుకాణం తెరిచేటప్పుడు గోడ మీద పెద్ద తెర పెట్టి వేస్తారట. వెనకాలే శివరామకృష్ణ, వరహాలమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ముసలావిడకు కుర్చీ వేశారు. సూరికి కొత్త ఖద్దరు చొక్కా తొడిగారు.

"బాబాయ్, ఎప్పుడూ చేసినట్టే చెయ్యి. కెమెరా సంగతి మర్చిపో," అంది ఇంద్రజ. ఆమె కళ్ళు రెండు రాత్రులుగా నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి సూరికి గొంతు దాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయింది.

బాబీ బట్టీలోకి తొంగి చూసి పెదవి విరిచాడు. "గురూగారూ, లోపల చీకటిగా ఉంది. మంట కనబడాలి. నాలుగు కట్టెలు వెయ్యండి."

"సెయ్యెట్టేటప్పుడు మంట ఉండదు బాబూ. నిప్పులు లాగీసినాకే..."

"చూసేవాళ్ళకి అదంతా తెలీదు కదండీ. మంట పక్కన చెయ్యి ఉంటే అదిరిపోద్ది."

సూరి ఇంద్రజ వైపు చూశాడు. "ఒక్కసారికే కదా బాబాయ్. నీకేమవుతుంది?" అందామె నవ్వుతూ. నిజంగానే ఏమీ అవదని ఆమె నమ్మకం. ఇంట్లో అందరి నమ్మకమూ అదే.

సరుగుడు కట్టెలు వేశాడు. ఎండు కట్టెలు, ఒక్క ఊదుకే అంటుకున్నాయి. బట్టీ లోపల ఒక పక్కగా మంట లేచి పైకప్పును నాకింది. అందరూ అతని చుట్టే ఉన్నారు. సున్నం డబ్బా వైపు చెయ్యి పోనివ్వడానికి వీల్లేదు. మైదా లేకుండా, వేడి తెలియకుండా, కళ్ళు మూసుకుని నూతిలోకి దిగుతున్నట్టుంది అతనికి.

"సింహాద్రప్పన్నా ఒకటి... రెండు..." నాలుగుకే చెయ్యి తీసేశాడు.

"ఆగాలి గురూగారూ! వీడియోలో ఎనిమిది దాకా ఉంటారు కదా. ఇంకోపాలి."

రెండోసారి ఎనిమిది దాకా ఉంచాడు. వెలుతురు సరిగ్గా పడలేదన్నాడు బాబీ. చేతిని కొంచెం ఎడమకు, మంట వైపు జరపమన్నాడు. వరహాలమ్మ కుర్చీలోంచే రెండు చేతులూ జోడించింది. శివరామకృష్ణ గర్వంగా మీసం దువ్వుకున్నాడు. మూడోసారి సూరి చెయ్యి పెట్టి, కెమెరా వైపు చూడకుండా, బల్లల మీది ముద్దల వైపే చూస్తూ లెక్కపెట్టాడు. పొంగు దగ్గరపడుతోంది. తొందరగా కానిచ్చి మంట ఆర్పి, ఇటుకలు చల్లబరచాలి.

"...ఆరు... ఏడు..."

ఏదో మాడిన వాసన వచ్చింది.

సూరి ముక్కు ఎగబీల్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు, లెక్క మధ్యలోనే ఆపి, "ఏదో మాడతన్నాది, సూడండి," అన్నాడు. గోనెకు నిప్పు అంటుకుందేమోనని వెనక్కి తిరిగి చూశాడు. రొట్టె ఏమైనా లోపల ఉండిపోయిందేమోనని బట్టీలోకి తొంగి చూశాడు. ఆడవాళ్ళు బల్లల కింద వెతికారు. శివరామకృష్ణ వైర్ల వైపు చూశాడు. అందరూ అంతటా వెతికారు.

ఇంద్రజ మాత్రం కదల్లేదు. ఆమె చూపు అతని చేతి మీదే నిలిచిపోయింది. "బాబాయ్," అంది. "చెయ్యి తియ్యి. బాబాయ్, చెయ్యి!"

అతను తీశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక పక్కంతా తెల్లబడి, చర్మం బొబ్బలెక్కి, ఒకచోట ఊడి వేలాడుతోంది. ఖద్దరు చొక్కా మడత అంచు నల్లగా మాడింది. సూరి ఆ చేతిని ఎవరిదో చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదా?" ఇంద్రజ అతని వేళ్ళు పట్టుకుంది.

"నేదు పాపా." ఇంక దాచడానికి ఏమీ లేదు. మనసు హఠాత్తుగా తేలికపడింది. "రెండేళ్ళయ్యింది. వేడీ తెల్దు, సలవా తెల్దు. నరాలు పోనాయన్నాడు డాట్రు."

బాబీ కెమెరా కిందికి దించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు, శివరామకృష్ణ పరుగెత్తి పెరట్లోంచి కలబంద మట్ట విరిచి తెచ్చి, దాన్ని ఎక్కడ రాయాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. "రేపు దుకాణానికి..." అని మొదలెట్టి, కూతురి చూపు తగిలి, ఆ మాట మింగేశాడు.

వరహాలమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. "హారతి రోజునా ఇంతేనా నాయనా?"

సూరి తల ఊపాడు.

"భక్తి అనుకున్నాను," అందావిడ. "నీ చెయ్యి కాలుతుంటే నేను దణ్ణం పెట్టాను." కొంగుతో మొహం కప్పుకుంది.

"ఆస్పత్రికి పదండి," అని ఇంద్రజ ఏడుస్తూ కేక పెట్టింది. "బోర్డు దించేయిస్తాను. రేపు ఏమీ వద్దు. నాన్నా, కారు తియ్యి."

"ఎల్దాం," అన్నాడు సూరి. "సీతాలు వత్తాది, దాంతో ఎల్తాను. ముందు నీళ్ళు తే. ఆ మంట లాగీండి. పాపా, ఇటు సూడు, రొట్టెలు పొంగొచ్చీసినాయి. ఇంకో అరగంటే ఆగుతాయి. అవి నాకోసం ఆగవు."

బట్టీ ముందు పీట వేసి కూర్చోబెట్టారు. బక్కెట్ నిండా నీళ్ళు పోసి చెయ్యి అందులో పెట్టారు. కట్టెలు, నిప్పులు బయటకు లాగేశారు. అంత వేడిలో రొట్టె పెడితే నిమిషంలో అడుగు బొగ్గవుతుంది. బట్టీ వేడి దిగేదాకా ఆగాలి, ముద్దలు కూలబడేలోగా పెట్టాలి. ఆ రెండిటి మధ్యా ఎంత సందుందో ఆ బేకరీలో ఒక్కడికే తెలుసు, అతను చెయ్యి నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ గూట్లో డబ్బా ఉంది, తియ్యి."

"ఖైనీయా?" అన్నాడు శివరామకృష్ణ అయోమయంగా.

"మైదా బాబూ."

ఇంద్రజ మూత తీసి చూసింది. చూడగానే ఆమెకు రెండేళ్ళూ అర్థమైపోయాయి. పెదవి కొరుక్కుంటూ చిటికెడు తీసుకుంది.

"నడిమధ్యన వెయ్యి. అన్నం ఉడికిందో నేదో ఒక్క మెతుకు సూత్తే తెలీదా? ఇదీ అంతే. ఇప్పుడు పేరు తలుసుకో. నువ్వే తలుసుకో, నాను కాదు."

"సింహాద్రప్పన్నా ఒకటి... రెండు..." మూడుకే పిండి నల్లబడి పొగ లేచింది.

"ఇంకా ఉంది. తడి గోనెతో తుడువు. మూల దాకా."

తుడిచింది. ఆవిరికి ఉక్కిరిబిక్కిరై వెనక్కి తూలి, మళ్ళీ తుడిచింది. రెండోసారి వేసిన పిండి ఐదుకు మాడింది. అటు బల్ల మీద మొదటి వరసలో ముద్దల అంచులు జారడం మొదలైంది. ఆడవాళ్ళు తడిబట్టలు తీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఇంద్రజ ముద్దల వైపు చూసి, "పెట్టేద్దామా బాబాయ్? పోతున్నాయి," అంది.

"ఆగు."

"పోతున్నాయి!"

"నాకూ కనపడతన్నాయి. ఆగు. ఇంకోసారి తుడువు."

మూడోసారి చిటికెడు వేసింది. ఆరు. పిండి అంచులు పచ్చబడ్డాయి. ఏడు. ఎనిమిది అనేసరికి, పిండి వేగిన సెనగపప్పు రంగుకు తిరిగింది.

"పెట్టీ," అన్నాడు సూరి.

పొడుగు చెక్క తెడ్డు ఆమె చేతుల్లో మొదట తడబడింది. నాలుగు రొట్టెలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి. తర్వాత కుదిరింది. దఫాదఫాకీ మైదా వేసి చూసుకుంటూ, అడక్కుండానే పేరు తలుచుకుంటూ, రెండొందలూ దించింది. మొదటి దఫాలో కొన్నిటికి అడుగు నల్లబడింది. మిగిలినవి ఎర్రగా, పెంకు చిటచిటలాడుతూ వచ్చాయి. సూరి ఎడమచేత్తో ఒకదాన్ని అందుకుని, వేలితో అడుగు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బోలుగా మోగింది. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఐదింటికి సీతాలు వచ్చి, చెయ్యి చూసి, మొగుడి పక్కన కూర్చుంది. శివరామకృష్ణ కారు తీశాడు.

"బోర్డు నిజంగానే దించేయిస్తాను బాబాయ్," అంది ఇంద్రజ.

"ఎందుకూ? ఆ సెయ్యికి పేరు రాయించినావేటి? రేపటికాడి నుంచి నీదనుకుంటారు." ఆమె చేతుల మీద కొత్తగా కాలిన ఎర్రటి చారల వైపు చూసి అన్నాడు. "కానీ నువ్వు లోపల పెట్టకు పాపా. ఎవులడిగినా సరే, పెట్టకు."

"రేపు నువ్వు రావాలి సూరీ. ముందు వరసలో కూర్చోవాలి," అన్నాడు శివరామకృష్ణ, కారు తలుపు పట్టుకుని.

"సూద్దాం బాబూ," అన్నాడు సూరి. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో అతను సూద్దాం అన్న పని ఏదీ చేసింది లేదు. ఆ సంగతి శివరామకృష్ణకూ తెలుసు, అందుకే మళ్ళీ అడగలేదు.

కారెక్కబోయి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చాడు. కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. బస్తాలోంచి ఎడమచేత్తోనే ఒక పిడికెడు పిండి తీసుకుని, బట్టీ దగ్గర కాసేపు వంగి నిలబడ్డాడు. తర్వాత మాడిన అంచు చొక్కాతోనే వెళ్ళి సీతాలు పక్కన కూర్చున్నాడు. ఆమె అతని ఎడమచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. కారు సందు మలుపు తిరిగింది, దాని వెనకే రొట్టెల వ్యాను మధురవాడ దారి పట్టింది.

బట్టీ ఇంకా వెచ్చగానే ఉంది. మూతి పక్కన ఇటుకల గూట్లో సున్నం డబ్బా, ఇన్నాళ్ళూ ఉన్నట్టు మూల చాటున కాకుండా, అందరికీ కనబడేలా ముందుకు జరిపి ఉంది, మూత తీసి, నిండా మైదాతో.